అరచేతిలో విమానము

సంక్రాంతి పండుగకు తీర్చిన బొమ్మలకొలువులో ఏనుగు ప్రక్కన కోడిపుంజు నిలిచియుండును. ఒక్కొక్క కొలువులో ఆ కోడిపుంజు ఏనుగుకంటె ఎత్తుగా కూడ నుండును. దానిని చూచి ఎవరును తప్పు పట్టరు. బొమ్మకు కావలసినది అందము. చూచువారికి కావలసినది ఆనందము. కొలతతో అక్కడ పనిలేదు. కాని బొమ్మవలెనే చిన్నదై, బొమ్మవలెనే ముచ్చట గొలుపుచు, కొలత తప్పినచో విలువ కోల్పోవు వస్తువు మరియొకటి కలదు. అదియే నమూనా. నిజమైన వస్తువులోని ప్రతి భాగమును ఒకే నిష్పత్తిలో తగ్గించి చేసినదానికే నమూనా యని పేరు.

ఓడలకును, వంతెనలకును, ఆనకట్టలకును, రైలుబండ్లకును నమూనాలు కలవు. బాలురను, పెద్దలను కూడ మిక్కిలి ఆకర్షించునవి విమానముల నమూనాలు. విమానపు భాగములన్నియు విడివిడిగా ఒక పెట్టెలో వచ్చును. కొన్నవారు వానిని స్వయముగా అతికించి, రంగు వేసి, రూపము కల్పించుకొందురు. ఇట్టి సామగ్రిని కిట్టు అందురు. 1939 లో ఇంగ్లండులో స్థాపింపబడిన ఎయిర్‌ఫిక్స్ సంస్థ ఇట్టి కిట్టులకు పేరుపొందినది. తొలినాటి జెట్ శిక్షణ విమానములలో ఒకటియైన డి హావిలాండ్ వాంపైర్ టి.11 కు ఆ సంస్థ ఈ శతాబ్దపు రెండవ దశకములో క్రొత్త అచ్చులతో ఒక కిట్టును వెలువరించెను. 1950 లో మొదటిసారి ఎగిరిన విమానమునకు ఇన్ని సంవత్సరముల తరువాత నమూనా యెందుకు? అది చేయువానికి ఏమి నేర్పును? ఈ ప్రశ్నలకు సమాధానము ఆ విమానపు ఆకారములోనే దాగియున్నది.

కిట్టు పెట్టెపై 1/72 అను సంఖ్య ముద్రింపబడి యుండును. నిజమైన విమానములో 72 అంగుళములున్న భాగము నమూనాలో ఒక్క అంగుళముండునని దాని అర్థము. కొలతలన్నియు అడుగులలోను, అంగుళములలోను సాగిన కాలమున ఇంగ్లండులో ఈ నిష్పత్తి వాడుకలోనికి వచ్చెను. 72 అంగుళములనగా ఆరు అడుగులు. కనుక ఆరడుగుల మనిషి ఈ లెక్కలో సరిగా ఒక అంగుళము ఎత్తుండును. 1930 దశకమున నమూనాలు చేసినవారు చేపట్టిన ఈ నిష్పత్తి నేటికిని చెక్కు చెదరక నిలిచియున్నది.

వాంపైర్ టి.11 రెక్కల వెడల్పు ఒక కొననుండి రెండవ కొనకు 11.58 మీటర్లు. దీనిని 72 చేత భాగించినచో సుమారు 16 సెంటీమీటర్లు వచ్చును. విమానపు పొడవు సుమారు 10.5 మీటర్లు, నమూనాలో అది 14.6 సెంటీమీటర్లు. చేతనున్న కొలబద్దతోనే విద్యార్థి ఈ లెక్కను సరిచూడవచ్చును. అయితే బరువు విషయమున లెక్క ఇంత సులభము కాదు. పొడవు 72 వంతులు తగ్గినప్పుడు, వైశాల్యము 72 ను 72 చేత గుణింపగా వచ్చిన 5,184 వంతులు తగ్గును. ఘనపరిమాణము మరల 72 చేత గుణింపగా వచ్చిన 3,73,248 వంతులు తగ్గును. ఎగురుటకు సిద్ధముగా నున్న వాంపైర్ టి.11 సుమారు 5,000 కిలోగ్రాములు తూగును. లోపలి యంత్రముతోను, ఇంధనముతోను సహా అదే పదార్థముతో నమూనా చేయగలిగినచో, దాని బరువు 13 గ్రాములకు కొంచెము మించి యుండును. అనగా ఆకారము చిన్నదైనంత మాత్రమున అన్ని గుణములును ఒకే విధముగా చిన్నవి కావు. నమూనా చేయువాడు మొట్టమొదట నేర్చుకొను పాఠమిది.

నమూనా వినోదవస్తువు మాత్రమే కాదని రెండవ ప్రపంచ యుద్ధకాలమున స్పష్టముగా తెలిసినది. దూరాకాశమున కనబడు విమానము తమదో, శత్రువులదో సైనికుడు కొన్ని క్షణములలోనే పోల్చుకొనవలెను. పోల్చుకొనలేనిచో శత్రువు తప్పించుకొనును. లేదా మిత్రుడే తమవారి గుండ్లకు బలియగును. సైనికులకు ఈ విద్య నేర్పుటకై 1942 లో అమెరికా నౌకాదళము ఆ దేశపు పాఠశాలల విద్యార్థులను 5 లక్షల విమాన నమూనాలు చేసి ఇమ్మని కోరెను. బాలబాలికలు కొయ్యతో వానిని చెక్కి, నునుపు చేసి, నల్లరంగు పూసి పంపిరి. వాని నిష్పత్తియు 1/72 యే. ఇట్టి నమూనాను 10 మీటర్ల దూరమున నిలిపి చూపినచో, 720 మీటర్ల దూరమునందలి నిజమైన విమానము ఎంత కనబడునో అంతయే కనబడును. రెక్క కొంచెము వెడల్పైనను, తోక కొంచెము పొట్టిదైనను నేర్చుకొను సైనికుడు మోసపోవును. కొలత తప్పరాదను నియమమునకు వెనుక మనుష్యుల ప్రాణములు ఉండినవి.

వాంపైర్ చరిత్రయు ఆ యుద్ధకాలముననే ప్రారంభమయ్యెను. అంతవరకు యుద్ధవిమానములకు ముందుభాగమున పంకా యుండెడిది. పంకా త్రిప్పి పొందగల వేగమునకు ఒక హద్దు కలదని శాస్త్రజ్ఞులు గ్రహించిరి. ఆ హద్దును దాటుటకు పుట్టినదే జెట్ యంత్రము. అది ముందునుండి గాలిని పీల్చుకొనును. ఆ గాలిని గట్టిగా అదుమును. అందులో ఇంధనమును మండించును. వేడెక్కిన వాయువును మహావేగముతో వెనుకకు వదలును. వాయువు వెనుకకు పోవుటకు ప్రతిచర్యగా విమానము ముందునకు దూసికొని పోవును. గాలి నింపిన బుడగ మూతిని విడిచినప్పుడు అది ఎగిరిపోవుటయు ఈ సూత్రము ననుసరించియే.

ఇంగ్లండులో ఫ్రాంక్ హాల్ఫర్డ్ అను ఇంజనీరు అట్టి యంత్రము నొకదానిని రూపొందించెను. దానికి గోబ్లిన్ అని పేరు పెట్టిరి. ఆ యంత్రముతో డి హావిలాండ్ సంస్థ నిర్మించిన వాంపైర్ 1943 సెప్టెంబరు 20 న హాట్‌ఫీల్డ్ అనుచోట మొదటిసారిగా ఆకాశమున కెగసెను. దానిని నడిపినవాడు సంస్థ స్థాపకుని కుమారుడును, తండ్రి పేరే గలవాడును అగు జాఫ్రీ డి హావిలాండ్. ఇంగ్లీషులో వాంపైర్ అనగా రక్తము పీల్చు పిశాచము. గోబ్లిన్ అనగా చిలిపి చేష్టలు చేయు భూతము. పేర్లు భయంకరములే యైనను, ఆ విమానపు ఆకారములో భయమునకు తావులేదు. దానిలో ఉన్నదంతయు యుక్తియే.

వాంపైరును చూచినవారు మొదట ఆశ్చర్యపడునది దాని వెనుకభాగమును చూచియే. ఇతర విమానములకు పొట్ట సన్నగిలుచు తోకవరకు సాగును. దీని పొట్ట గ్రుడ్డువలె పొట్టిగా నుండి, రెక్కల వెనుకనే ముగిసిపోవును. రెండు రెక్కలనుండి రెండు సన్నని దూలములు వెనుకకు సాగి, తోకను మోయును. ఈ వింత ఆకారము అలంకారమునకై కల్పించినది కాదు. తొలినాటి జెట్ యంత్రముల బలము తక్కువ. వేడి వాయువు పొడవైన గొట్టముగుండ ప్రయాణము చేసినచో ఆ కొద్ది బలములో కొంత వ్యర్థమగును. కనుక గొట్టము పొట్టిగా నుండవలెను. గొట్టము పొట్టిదైనచో పొట్టయు పొట్టిదగును. కాని తోక దగ్గరగా నున్నచో విమానము నిలకడగా ఎగురజాలదు. అది దూరముగనే ఉండవలెను. ఈ రెండు అవసరములను కలిపి తీర్చినవి ఆ రెండు దూలములు. వాని చివర తోక రెక్కను వేడి వాయువు తగులనంత ఎత్తున అమర్చిరి.

మరియొక విశేషము కలదు. జెట్ యుగపు విమానమే యైనను వాంపైర్ పొట్ట లోహముతో చేసినది కాదు, కొయ్యతో చేసినది. పలుచని ప్లైవుడ్డు పొరల నడుమ తేలికయైన బాల్సా కొయ్యనుంచి, జిగురుతో అతికించి, అచ్చుపై వంచి దానిని తయారుచేసిరి. యుద్ధకాలమున మస్కిటో అను విమానమును ఇట్లే నిర్మించి డి హావిలాండ్ సంస్థ నేర్పు సంపాదించియుండెను. రెక్కలును, తోక దూలములును మాత్రము లోహమయములు.

మొదటి వాంపైరులలో ఒక్కడే కూర్చుండుటకు వీలుండెను. పంకా విమానములపై ఆరితేరినవాడు కూడ జెట్ విమానమున క్రొత్తవాడే. పంకా విమానమున మీట త్రోసిన వెంటనే బలము వచ్చును. తొలినాటి జెట్ యంత్రము మీట త్రోసిన తరువాత కొన్ని క్షణములు ఆలసించి పుంజుకొనును. భూమికి దగ్గరగా దిగుచున్నప్పుడు ఆ కొన్ని క్షణములే ప్రాణములను తీయగలవు. ఇంధనమును అది త్వరగా త్రాగివేయును. కనుక దారి తప్పినవానికి ఆలోచించుకొనుటకు ఎక్కువ వ్యవధి యుండదు. ఇట్టి విద్యను ప్రక్కన గురువు లేక నేర్చుకొనుట అపాయకరము. 1948 లో గ్లాస్టర్ మీటియర్ విమానమునకు రెండు ఆసనముల రూపము వచ్చెను. తరువాత 1950 నవంబరు 15 న రెండు ఆసనముల వాంపైర్ మొదటిసారి ఎగిరెను. అదియే టి.11. బ్రిటిష్ వాయుసేన 1952 నుండి దానిని శిక్షణకు వినియోగించెను. అంతకుముందు శిక్షణార్థి పంకా విమానముపై అర్హత పొంది, పిమ్మట జెట్ విమానమునకు మారెడివాడు. జెట్ విమానముపైననే ఆ అర్హతను సంపాదించుట ఆ వాయుసేనలో టి.11 తో మొదలయ్యెను. ఈ రెండాసనముల వాంపైరులను 800 కు పైగా నిర్మించిరి.

ఇందులో గురువును, శిష్యుడును ఒకరి వెనుక ఒకరు గాక ప్రక్కప్రక్కనే కూర్చుందురు. అప్పటికే ఇద్దరు మనుష్యులు పట్టునట్లు నిర్మింపబడిన రాత్రి యుద్ధపు వాంపైర్ ముందుభాగమును ఆధారము చేసికొని ఈ విమానమును రూపొందించిరి. స్థలము ఇరుకైనను ఈ అమరికవలన లాభముండెను. శిష్యుని చేయి ఏ మీటపై నున్నదో, అతని కన్ను ఏ ముల్లును చూచుచున్నదో గురువు ప్రక్కనుండియే కనిపెట్టగలడు. చేతితో చూపి సరిదిద్దగలడు.

తొలుత నిర్మించిన టి.11 విమానములలో ఒక పెద్ద లోపముండెను. ప్రమాదము సంభవించినప్పుడు వైమానికులను బయటకు విసరివేయు ఎజెక్షన్ సీటు వానిలో లేదు. పైకప్పు బరువైన చట్రములతో కూడియుండెను. మహావేగముతో పోవు విమానమునుండి మనిషి తన బలముతో పైకి లేచి దూకుట మిక్కిలి కష్టము. దూకినను వెనుక అడ్డముగా నున్న తోక తగులు భయముండెను. తరువాత మార్టిన్-బేకర్ సంస్థ చేసిన ఎజెక్షన్ సీట్లను అమర్చిరి. ఆ సీట్లకు తగినట్లు పైకప్పును మార్చి, చట్రములను తగ్గించి, చూపు విశాలముగా సాగునట్లు చేసిరి. తోకయందలి నిలువు రెక్కల ఆకారమును కూడ మార్చిరి. ఈ మార్పులలో ప్రతియొక్కటియు అనుభవము నేర్పిన పాఠమే.

నమూనా చేయువానికి ఈ చరిత్ర తెలియుట అవసరము. పైకప్పు తొలినాటిదై, లోపల మాత్రము ఎజెక్షన్ సీట్లున్న వాంపైరును చేసినచో, అతడు కొలత తప్పకపోయినను నిజము తప్పినవాడగును. కనుక మంచి నమూనా ఒక విమానపు పేరుకు మాత్రమే ప్రతిరూపము కాదు. ఫలానా సంవత్సరమున, ఫలానా స్థావరమున నిలిచిన ఒకానొక విమానమునకు అది ప్రతిరూపము.

ఇక కిట్టు తయారగు విధము తెలిసికొనదగినది. మొదట మ్యూజియములలో మిగిలియున్న విమానములను కొలుతురు. పాత చిత్రపటములను, కర్మాగారపు పటములను పరిశీలింతురు. నేడు కాంతికిరణములతో విమానపు ఉపరితలమునంతటిని కొలుచు సాధనములు కూడ వచ్చినవి. ఆ కొలతలతో కంప్యూటరుపై బొమ్మ గీసి, దానిని భాగములుగా విభజింతురు. ఆ భాగముల ఆకారములను లోహపు అచ్చులలో చెక్కుదురు. సుమారు 200 డిగ్రీల వేడిమిలో కరగిన పాలిస్టైరీన్ అను ప్లాస్టిక్కును ఆ అచ్చులలోనికి గొప్ప ఒత్తిడితో పంపుదురు. అది చల్లారగానే అచ్చు విడివడును. భాగములన్నియు ఒక చట్రమునకు కాయలు కొమ్మకు వ్రేలాడినట్లు అంటుకొని బయటకు వచ్చును.

ఇంత శ్రద్ధ వహించినను నమూనాలో కొన్ని చిన్న అసత్యములు తప్పవు. నిజమైన విమానమున ఒక మిల్లీమీటరు మందముగల రేకు 1/72 నమూనాలో మిల్లీమీటరులో 72 వ వంతు మందమే ఉండవలెను. అంత పలుచని ప్లాస్టిక్కు అచ్చులో నిండదు. నిండినను చేతిలో నిలువదు. అందువలన రెక్కల అంచులును, చక్రముల తలుపులును ఉండవలసినదానికంటె మందముగా నుండును. రేకుల అతుకులను చూపు గీతలును అట్టివే. నమూనాపై మిల్లీమీటరులో పదవ వంతు వెడల్పుగల గీత నిజమైన విమానముపై ఏడు మిల్లీమీటర్ల నెఱ్ఱెయగును. అట్టి నెఱ్ఱెలున్న విమానమును ఏ వైమానికుడును ఎక్కడు. ఎచ్చట కొలతను పాటింపవలెనో, ఎచ్చట కంటికి ఇంపుగా సర్దుకొనవలెనో ఎరుగుటయే నమూనా శిల్పి నేర్పు.

కిట్టును కూర్చుటకు ఓర్పు ముఖ్యము. భాగమును చట్రమునుండి చేతితో విరువరాదు. చిన్న కత్తెరతో కత్తిరించి, గరుకు కాగితముతో అంచులను నునుపు చేయవలెను. మొదట లోపలి ఆసనములను, పరికరముల పలకను అతికించి రంగు వేయవలెను. పొట్ట రెండు సగములును కలిసిన తరువాత అచ్చటికి కుంచె పోదు. ఈ జిగురు కాగితమును అంటించు బంకవంటిది కాదు. అది ప్లాస్టిక్కును కొంచెము కరగించి, రెండు భాగములను ఏకము చేయును. కనుక కొద్దిగా వాడవలెను. గాలి వచ్చు గదిలో పని చేయవలెను. పారదర్శకమైన పైకప్పుపై ఒక్క చుక్క పడినను ఆ మచ్చ మాయుట కష్టము.

వాంపైర్ నమూనాలో ఒక రహస్యము కలదు. పొట్టను మూయకముందే దాని ముక్కులో చిన్న సీసపు ముక్కనో, ఇనుప గుండునో అతికించవలెను. ఆ పని మరచినచో, అంతయు ముగిసి నమూనాను బల్లపై నిలిపినప్పుడు అది ముక్కు పైకెత్తి తోకపై కూలబడును. ఈ విమానమునకు ముక్కు క్రింద ఒక చక్రము, రెక్కల క్రింద రెండు చక్రములు ఉన్నవి. రెక్కల చక్రములే తులాదండపు మధ్యబిందువని భావింపవచ్చును. నిజమైన విమానములో వైమానికులు, పరికరములు మొదలగువాని బరువు ఆ బిందువునకు ముందుండి సమతూకమును కాపాడును. నమూనా పొట్ట డొల్ల. వెనుక సాగిన దూలములును, తోకయు మాత్రము గట్టి ప్లాస్టిక్కు. అందుచేత బరువు వెనుకకు మొగ్గును. పుస్తకములో చదివిన తులాదండ సూత్రము ఇక్కడ చేతికి తగులును.

తుదకు రంగులు వేయవలెను. బ్రిటిష్ శిక్షణ విమానములకు వెండిరంగు పూసి, రెక్కల చుట్టును, తోక దూలముల చుట్టును పసుపుపచ్చ పట్టీలు వేయుట ఆనాటి ఆచారము. క్రొత్తవాడు నడుపు విమానమిదియని ఇతరులు దూరమునుండియే గుర్తించుటకు ఆ పట్టీలు ఉపకరించినవి. అంకెలును, చిహ్నములును పలుచని కాగితముపై ముద్రింపబడి కిట్టుతోపాటు వచ్చును. వానిని నీటిలో నానబెట్టి, మెల్లగా జార్చి అతికింతురు.

ఆ చిహ్నములలో కాషాయము, తెలుపు, ఆకుపచ్చ వలయములను ఎంచుకొన్నచో ఆ నమూనా భారతీయమగును. అందులో అసత్యమేమియు లేదు. వాంపైర్ విమానములు అనేక దేశములకు చేరినవి. 1948 లో భారతదేశమునకు వచ్చిన వాంపైరులతోనే భారత వాయుసేనలో జెట్ యుగము ప్రారంభమయ్యెను. తరువాత బెంగుళూరులోని హిందుస్థాన్ విమాన కర్మాగారమున వానిని నిర్మించిరి. టి.11 నకు విదేశములకై ఏర్పడిన రూపమును టి.55 అనిరి. హైదరాబాదు సమీపమునగల హకీంపేట స్థావరమున ఎందరో భారతీయ యువకులు వాంపైరులపై జెట్ విద్య నేర్చిరి. దక్కను పీఠభూమిపై ఆ జంట దూలముల విమానము ఆనాడు పరిచితమైన దృశ్యము.

ఆ వాంపైరుల స్థానమును స్వదేశమున రూపొందిన విమానముతో నింపవలెనని భారతీయులు సంకల్పించిరి. వి.ఎం. ఘాటగే నాయకత్వమున బెంగుళూరులో రూపొందిన కిరణ్ అను జెట్ శిక్షణ విమానము 1964 సెప్టెంబరు 4 న మొదటిసారి ఎగిరెను. హైదరాబాదు సమీపమున దుండిగల్ లోని వాయుసేన అకాడమీలో అది బహుకాలము శిక్షణ నిచ్చినది. కిరణ్ లోను గురుశిష్యులు ప్రక్కప్రక్కనే కూర్చుందురు. కాని దానికి తోక దూలములు లేవు. పొట్ట తోకవరకు సాగినది. అప్పటికి జెట్ యంత్రములు అభివృద్ధి చెందినందున, పొడవైన గొట్టమునకు భయపడవలసిన అవసరము తీరిపోయెను. కారణము పోగానే ఆకారమును పోయినది. గురువు ప్రక్కన నుండవలెనను కారణము మాత్రము మిగిలినది. కనుక ఆ అమరికయు మిగిలినది.

ఈ రెండు విమానముల నమూనాలను ఒకే బల్లపై నుంచి చూచు విద్యార్థికి ఈ సంగతి ఎవరును చెప్పనక్కరలేదు. ఇరువది సంవత్సరముల శాస్త్రాభివృద్ధి అతని కన్నుల ఎదుటనే నిలుచును. నిజమైన వాంపైరులు నేడు ఎక్కువగా మ్యూజియములలోనే విశ్రమించుచున్నవి. వానిని నడిపిన తరమును క్రమముగా కనుమరుగగుచున్నది. అయినను పదునారు సెంటీమీటర్ల ఆ చిన్న రూపమును సరిగా కూర్చినవాడు, ప్రతి వంపునకు ముందు “ఇది ఇట్లే యెందుకున్నది?” అని ప్రశ్నించి, జవాబు వెదకినవాడగును. ఇంజనీరు విద్యకు ఆ ప్రశ్నయే మొదటి మెట్టు.